ఎస్‌క్యూఎల్ షరతులు: కూర్పు, నిషేధం

డేటాబేసు పట్టికలోంచి ఏ వరుసలు రావాలో, ఏవి రాకూడదో తేల్చే తార్కిక వాక్యాన్ని ఎస్‌క్యూఎల్‌లో షరతు అంటారు. ప్రోగ్రామర్ల నోట అది కండిషన్. ఎక్కువగా వేర్ క్లాజులో ఉంటుంది. జాయిన్‌కు ఆన్ రాసినప్పుడు, హ్యావింగ్‌లో, పట్టికకు పెట్టే చెక్ నిబంధనలో కూడా కనిపిస్తుంది. ఈ షరతులను అక్షరాలుగా అతికించకుండా, ప్రోగ్రామర్లు తాము రాసే భాషలోనే వస్తువులుగా కట్టుకునే వీలును కొన్ని లైబ్రరీలు ఇస్తాయి. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, జాంగో, రూబీలో యాక్టివ్ రికార్డ్, సీక్వెల్, జావాలో జూక్, జేపీఏ క్రైటీరియా, సీషార్ప్‌లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ ఈ కోవలో బాగా తెలిసినవి.

రెండు షరతులను కలపడంలో ఇవన్నీ దాదాపు ఒకే తోవన నడుస్తాయి. ఉన్న షరతును తిరగేయాల్సి వచ్చినప్పుడే తేడాలు బయటపడతాయి. ఎస్‌క్యూఎల్‌లో ఒక షరతు ఇచ్చే వరుసలూ, దాని నిషేధం ఇచ్చే వరుసలూ కలిపినా పట్టిక మొత్తం రాకపోవచ్చు. రెండింటికీ అందకుండా పోయే ఆ వరుసలను ఎవరు పట్టించుకోవాలి, లైబ్రరీయా, రాసేవారా? లైబ్రరీల మధ్య అసలు తేడా ఈ ప్రశ్నకు అవి ఇచ్చిన జవాబులోనే ఉంది.

నేపథ్యం

తర్కాన్ని బీజగణితంగా రాయవచ్చని జార్జ్ బూల్ 1847లో ఒక చిన్న పుస్తకంతో చూపించి, 1854లో పెద్ద గ్రంథంగా విస్తరించాడు. అదే 1847లో తర్కశాస్త్రంపై పుస్తకం వెలువరించిన అగస్టస్ డి మోర్గన్ పేరుతోనే నిషేధానికి సంబంధించిన రెండు సూత్రాలు నిలిచాయి. ఆయన పుట్టింది 1806లో, మన పొరుగున మదురైలో. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగి. నెలల బిడ్డగా ఉండగానే కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. ‘ఇదీ అదీ రెండూ నిజం’ అన్న మాటను కాదంటే ‘ఇది కాదు లేదా అది కాదు’ అవుతుంది. ‘ఇదో అదో నిజం’ అన్నదాన్ని కాదంటే ‘ఇదీ కాదు, అదీ కాదు’ అవుతుంది. ఆ సూత్రాల సారం ఇంతే. నూటయాభై ఏళ్లకు పైగా తెలిసిన ఈ విషయాన్ని ప్రసిద్ధ లైబ్రరీ ఒకటి తప్పుగా అమలు చేసి, ఏళ్ల తర్వాత సరిదిద్దుకున్న ఉదంతం కింద వస్తుంది.

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో సీక్వెల్ అనే ప్రశ్నల భాషను (పైన చెప్పిన రూబీ లైబ్రరీ వేరు) రూపొందించారు. అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. 1986లో అమెరికా ప్రమాణంగా, 1987లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. విలువ లేని చోటును సూచించే నల్‌కూ, దానితో వచ్చే మూడో సత్యవిలువకూ కాడ్ 1979 నాటి పత్రంలో వివరమైన రూపం ఇచ్చాడు. ఈ ఏర్పాటు సరికాదని డేటాబేసు రచయిత క్రిస్ డేట్ దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చాడు. వాదన ఎవరిదైనా, ఈ రోజు వాడుకలో ఉన్న ప్రధాన ఎస్‌క్యూఎల్ డేటాబేసులన్నీ మూడు విలువల తర్కంతోనే నడుస్తున్నాయి.

మూడో విలువ చేసే పని

ఒక గ్రంథాలయంలో సభ్యుల పట్టిక ఉందనుకుందాం. ఐదుగురిలో ఇద్దరిది వరంగల్, ఇద్దరిది గుంటూరు. ఐదో వ్యక్తి దరఖాస్తులో ఊరు నింపలేదు కాబట్టి అక్కడ నల్ ఉంది. ఊరు = 'వరంగల్' అని అడిగితే ఇద్దరు వస్తారు. నాట్ (ఊరు = 'వరంగల్') అని అడిగితే ముగ్గురు రావాలని మనసు చెబుతుంది, కానీ వచ్చేది ఇద్దరే. ఐదో సభ్యుడి విషయంలో మొదటి పోలిక ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’. తెలియనిదాన్ని తిరగేసినా తెలియనిదే మిగులుతుంది. వేర్ క్లాజు నిజమని తేలిన వరుసలనే ఉంచుతుంది కాబట్టి ఆ సభ్యుడు రెండు జాబితాల్లోనూ ఉండడు.

అండ్, ఆర్‌ల లెక్క కూడా దీన్నిబట్టే ఉంటుంది. ‘తెలియదు’ పక్కన అండ్‌తో అబద్ధం వస్తే ఫలితం అబద్ధమే, ఎందుకంటే రెండోది ఏమైనా మొత్తం నిలబడదు. ఆర్‌తో నిజం వస్తే ఫలితం నిజమే. మిగిలిన చోట్ల తెలియదు తెలియదుగానే ఉంటుంది. తర్కవేత్త స్టీఫెన్ క్లీనీ 1938లో ప్రకటించిన మూడు విలువల పట్టికకు ఇది సరిపోతుంది. డి మోర్గన్ సూత్రాలు ఈ తర్కంలోనూ చెక్కుచెదరవు. రెండుసార్లు తిరగేస్తే మొదటి షరతే తిరిగి వస్తుంది. అందువల్ల నాట్‌ను బయట ఉంచినా, కుండలీకరణాల లోపలికి తోసినా వరుసలు మారవు. పోయే ముఖ్య నియమం ఇది: ఏ మాటైనా నిజమో అబద్ధమో అయి తీరాలన్నది. చాలామంది ప్రోగ్రామర్లు తెలియకుండానే ఆధారపడేది సరిగ్గా ఆ నియమం మీదే.

చెక్ నిబంధన మాత్రం వేర్‌కు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. అది అబద్ధమని తేలిన వరుసనే తిప్పికొడుతుంది, తెలియనిదాన్ని లోపలికి రానిస్తుంది. కాబట్టి ఒకే షరతు వస్తువును వేర్‌లోనూ చెక్‌లోనూ వాడుకునే ప్రోగ్రాములో నల్ ఉన్న వరుసకు రెండు చోట్ల రెండు న్యాయాలు జరుగుతాయి.

ఎక్కువ నష్టం చేసేది నాట్ ఇన్. జాబితాలో ఒక్క నల్ దొర్లినా, ఏ వరుసకూ ఆ షరతు నిజం కాదు. నాట్ ఇన్ అంటే జాబితాలోని ప్రతి విలువతోనూ ‘సమానం కాదు’ అని తేలాలి. నల్‌తో పోలిక ఎప్పటికీ తేలదు. జాబితా ఒక ఉపప్రశ్న నుంచి వస్తున్నప్పుడు, నిన్నటిదాకా బాగా నడిచిన నివేదిక ఈ రోజు ఉన్నట్టుండి ఖాళీగా రావడానికి తరచుగా కారణం ఇదే. దోష సందేశం ఏదీ ఉండదు కాబట్టి పట్టుకోవడం కష్టం. ఒరాకిల్‌లో ఇంకో మెలిక ఉంది: అక్కడ ఖాళీ స్ట్రింగ్ కూడా నల్ కిందే లెక్క. ఊరు <> '' అనే షరతు ఒరాకిల్‌లో ఏ వరుసకూ నిజం కాదు.

అతికించిన అక్షరాల నుంచి చెట్టు దాకా

లైబ్రరీలు లేనప్పుడు షరతులను ముక్కలుముక్కలుగా కలిపి రాసేవారు. వినియోగదారుడు ఊరు ఎంచుకుంటే ఒక ముక్క, వయసు ఎంచుకుంటే మరో ముక్క. మొదటి ముక్కకు ముందు అండ్ రాకూడదు కాబట్టి వేర్ 1 = 1 అని మొదలుపెట్టి, తర్వాతివన్నీ అండ్‌తో తగిలించే అలవాటు ఏర్పడింది. ఈ పద్ధతిలో పైకి కనిపించే ప్రమాదం, వినియోగదారుడు ఇచ్చిన అక్షరాలు నేరుగా ప్రశ్నలో కలిసిపోయి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు తలుపు తెరవడం. అంతగా కనిపించని ప్రమాదం కుండలీకరణాలది. ఎస్‌క్యూఎల్‌లో నాట్ అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటుంది, తర్వాత అండ్, చివర ఆర్. ‘క లేదా ఖ’ అనే ముక్క ముందు నాట్ అతికిస్తే అది కకు మాత్రమే వర్తిస్తుంది. ఎవరో అందించిన ముక్క లోపల ఆర్ ఉందో లేదో తెలియకుండా దాన్ని తిరగేయడం సాధ్యం కాదు. డేటాబేసులే ఈ విషయంలో మాట మార్చిన సందర్భం ఉంది: 5.0.2కు ముందటి మైఎస్‌క్యూఎల్‌లో ‘నాట్ క బిట్వీన్ ఖ అండ్ గ’ అని రాస్తే నాట్ కకు మాత్రమే అంటుకునేది. ఆ తర్వాత మొత్తం బిట్వీన్‌కు వర్తించేలా మార్చారు. పాత ప్రవర్తన కావాలనుకునేవారికి ఒక సెట్టింగు మిగిల్చారు.

షరతును అక్షరాలుగా కాక చెట్టుగా దాచుకోవడం దీనికి పరిష్కారం. ప్రతి పోలికా ఒక ఆకు. అండ్, ఆర్, నాట్ కొమ్మలు. విలువలు ఆకుల్లోనే పారామీటర్లుగా ఉండిపోతాయి, ప్రశ్న వచనంలో కలవవు. చివర ఎస్‌క్యూఎల్‌గా రాసేటప్పుడు ఎక్కడ కుండలీకరణం అవసరమో లైబ్రరీయే నిర్ణయిస్తుంది. ఎక్కడో రాసిన ఒక ఫంక్షన్ ‘చురుకైన సభ్యుడు’ అనే షరతును తయారుచేసి ఇస్తే, లోపల ఏముందో చూడకుండా దాన్ని కలుపుకోవచ్చు, తిరగేసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఇలాంటి లైబ్రరీని వాడటం సమర్థనీయమే.

భాష ఇవ్వని ఆపరేటర్లు

చెట్టును ఏ గుర్తులతో కట్టాలన్నది భాష మీద ఆధారపడుతుంది. సీషార్ప్‌కు ఈ ఇబ్బంది లేదు. 2007లో, ప్రశ్నలను భాషలోనే రాసుకునే లింక్ వచ్చినప్పుడే కంపైలరు &&, ||, ! గుర్తులతో రాసిన వాక్యాన్ని అమలు చేయకుండా వ్యక్తీకరణ వృక్షంగా మార్చి లైబ్రరీ చేతికిస్తుంది. జావాలో ఆపరేటర్లకు కొత్త అర్థం ఇవ్వడం కుదరదు కాబట్టి జూక్‌లో షరతు వస్తువు మీద అండ్, ఆర్, నాట్ అనే మెథడ్‌లు పిలుస్తారు. వాక్యం పొడవైనా అపార్థానికి తావుండదు.

పైథాన్‌లో సమస్య చిక్కగా ఉంటుంది. అండ్, ఆర్, నాట్ అనే పదాలకు కొత్త అర్థం ఇచ్చుకునే వీలు ఆ భాషలో లేదు. అలాంటి వీలు కల్పించాలని 2004లో పెప్ (పైథాన్ మెరుగుదల ప్రతిపాదన) 335 పేరుతో ఒక ప్రతిపాదన వచ్చింది, చివరకు తిరస్కరించారు. అందుకే 2005లో బయటికొచ్చిన జాంగోలో షరతులను పట్టి ఉంచే క్యూ వస్తువులూ, 2006లో మైక్ బేయర్ విడుదల చేసిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ కూడా బిట్ల మీద పనిచేసే &, |, ~ గుర్తులను అరువు తెచ్చుకున్నాయి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాటితోపాటు చివర అండర్‌స్కోర్ ఉన్న అండ్_, ఆర్_, నాట్_ ఫంక్షన్లనూ ఇస్తుంది.

అరువు గుర్తులు తమ పాత ప్రాధాన్యక్రమాన్ని వెంట తెచ్చుకుంటాయి. పైథాన్‌లో & గుర్తు == కన్నా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి ప్రతి పోలిక చుట్టూ కుండలీకరణం తప్పనిసరి. లేకపోతే వాక్యం అర్థమే మారిపోతుంది. అంతకన్నా జాగ్రత్త పడాల్సింది అలవాటు కొద్దీ పదరూపంలోని అండ్ రాసినప్పుడు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ‘కన్నా ఎక్కువ’, ‘కన్నా తక్కువ’ పోలికలతో ఈ పొరపాటు జరిగితే వెంటనే దోషం వస్తుంది: ఈ వాక్యానికి నిజమో అబద్ధమో అనే విలువ నిర్ణయించలేమని. కానీ == పోలికకు ఆ రక్షణ లేదు. జాబితాల్లో, సెట్లలో వస్తువులను వెతకడానికి పైథాన్‌కు == జవాబు కావాలి కాబట్టి లైబ్రరీ అక్కడ ఒక విలువ ఇచ్చి తీరాలి. కాలమ్‌నూ ఒక విలువనూ పోల్చిన వాక్యానికి ఆ జవాబు అబద్ధం. ఫలితంగా రెండు == పోలికల మధ్య అండ్ రాస్తే మొదటిది మాత్రమే మిగులుతుంది; ఆర్ రాస్తే రెండోది మాత్రమే మిగులుతుంది; ముందు నాట్ రాస్తే అది పైథాన్ నిజంగా మారి, షరతే లేనట్టు అన్ని వరుసలూ వచ్చేస్తాయి. తొలగింపు ఆదేశంలో ఈ పొరపాటు దొర్లితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. జాంగోలోనూ ఇదే రకం గొయ్యి ఉంది: లోపల ఏదైనా షరతున్న క్యూ వస్తువు పైథాన్ దృష్టిలో నిజం, అందుకే రెండు క్యూల మధ్య అండ్ రాస్తే రెండోది ఒక్కటే నిలుస్తుంది.

తిరగేసే తీరులు

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఒంటరి పోలికను తిరగేస్తే గుర్తునే మారుస్తుంది. = ఉన్నచోట != వస్తుంది, > ఉన్నచోట <= వస్తుంది; ఇన్ నాట్ ఇన్‌గా, లైక్ నాట్ లైక్‌గా, ఈజ్ నల్ ఈజ్ నాట్ నల్‌గా మారతాయి. అండ్‌తో కట్టిన సమూహాన్ని తిరగేస్తే మాత్రం లోపల వేలుపెట్టకుండా చుట్టూ కుండలీకరణం వేసి ముందు నాట్ రాస్తుంది. రూబీలోని సీక్వెల్ ఇంకో అడుగు ముందుకేసి డి మోర్గన్ సూత్రాన్ని తానే వర్తింపజేస్తుంది: రెండు షరతులను ఎక్స్‌క్లూడ్ (మినహాయింపు) చేస్తే (క != 1) ఆర్ (ఖ != 2) అని రాస్తుంది. పైన చెప్పినట్టు రెండింటి అర్థమూ ఒకటే. ఐదో సభ్యుడి విషయంలో రెండూ డేటాబేసు తీర్పునే అనుసరిస్తాయి, ఆయన్ని తిరిగి చేర్చే ప్రయత్నం చేయవు.

యాక్టివ్ రికార్డ్ కథ వేరు. అది భాగంగా ఉన్న రూబీ ఆన్ రెయిల్స్ 4.0లో, 2013లో, షరతును తిరగేసే వేర్.నాట్ వచ్చింది. పేరు, హోదా రెండూ ఒకేసారి ఇచ్చి తిరగేస్తే అది ఒక్కోదాన్ని విడిగా తిరగేసి మధ్యలో అండ్ ఉంచేది. అంటే ‘పేరు ఇదీ కాదు, హోదా అదీ కాదు’. చదివేవారు ఆశించేది ‘ఈ పేరూ ఈ హోదా రెండూ ఉన్న వ్యక్తి కాదు’ అని. డి మోర్గన్ ప్రకారం మధ్యలో రావాల్సింది ఆర్. ఫలితంగా, ఆ పేరున్నా హోదా వేరైన వ్యక్తి కూడా జాబితాలోంచి జారిపోయేవాడు. 2019 నాటి 6.0 వెర్షన్‌లో హెచ్చరిక పెట్టి, 2020 డిసెంబరు నాటి 6.1లో ప్రవర్తనను మార్చారు. ఏళ్ల తరబడి లక్షల వరుసల మీద నడిచిన కోడ్ అర్థాన్ని మార్చడం చిన్న నిర్ణయం కాదు. హెచ్చరికకు ఒక పూర్తి వెర్షన్ కేటాయించడం సరైన పని. ఆ తర్వాత 7.0లో వచ్చిన ఇన్వర్ట్_వేర్ అంతకు ముందు గొలుసులో చేరిన షరతులన్నిటినీ తిరగేస్తుంది. ఎక్కడో చేర్చిన ‘తొలగించని ఖాతాలు మాత్రమే’ అన్న షరతు కూడా అందులో తిరగబడవచ్చు. అది తన ముందున్న దేన్నీ వదలదని దాని పత్రాల్లోనే హెచ్చరిక ఉంది.

ఐదో సభ్యుడిని పట్టించుకున్నది జాంగో. నల్‌కు అవకాశమున్న కాలమ్ మీద ఎక్స్‌క్లూడ్ రాస్తే అది నాట్ (ఊరు = 'వరంగల్' అండ్ ఊరు ఈజ్ నాట్ నల్) అనే రూపంలో ప్రశ్న తయారుచేస్తుంది. ఊరు నింపని సభ్యుడి విషయంలో రెండో భాగం అబద్ధం, కాబట్టి లోపలిదంతా అబద్ధం. నాట్ దాన్ని నిజం చేస్తుంది. ముగ్గురూ వస్తారు. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ కూడా ఇదే దారిలో, సీషార్ప్‌లో నల్ ఎలా ప్రవర్తిస్తుందో డేటాబేసులోనూ అలాగే ప్రవర్తించేలా అదనపు ఈజ్ నల్ పరీక్షలు చేరుస్తుంది. వద్దనుకుంటే ఆపుకునే సెట్టింగు ఉంది. అంటే ఒకే పట్టిక మీద, ఒకే ఉద్దేశంతో, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీతో రాసిన ప్రోగ్రాము ఇద్దరిని చూపితే జాంగోతో రాసినది ముగ్గురిని చూపుతుంది. ఒకదాన్నుంచి మరోదానికి కోడ్ తరలించేటప్పుడు ముందుగా పరీక్షించాల్సింది ఇదే. నా ఉద్దేశంలో మామూలు వ్యాపార ప్రోగ్రాములకు జాంగో నిర్ణయమే సరైనది. ‘వరంగల్ కాని సభ్యులు’ అని అడిగిన గ్రంథపాలకుడికి ఊరు రాయని మనిషి కూడా జాబితాలో కావాలి.

అయితే ఒకరికి అనేకం ఉన్న సంబంధాల్లో జాంగో ఎక్స్‌క్లూడ్ జాగ్రత్తగా చదవాల్సిందే. ఒక పత్రికకు ఎన్నో వ్యాసాలుంటాయి. ‘వ్యవసాయం’ అనే మాట శీర్షికలో ఉండి, 2008లో ప్రచురితమైన వ్యాసం ఉన్న పత్రికలను మినహాయించాలని రెండు షరతులూ ఒకే ఎక్స్‌క్లూడ్‌లో రాస్తే, ఆ రెండూ ఒకే వ్యాసానికి వర్తించాలన్న నియమం అక్కడ ఉండదు. వ్యవసాయం మీద 1999లో ఒకటి, సినిమా మీద 2008లో ఒకటి వేసిన పత్రిక కూడా తప్పుకుంటుంది. కావలసిన అర్థం రావాలంటే ముందు వ్యాసాలను ఫిల్టర్ చేసి, ఆ ఫలితాన్ని ఎక్స్‌క్లూడ్‌కు అందించాలి.

ఖాళీ షరతు, ఖాళీ జాబితా

వడపోత పెట్టెల్లో వినియోగదారుడు ఏదీ ఎంచుకోకపోతే అండ్‌కు కలపడానికి ఏమీ ఉండదు. గణితం ప్రకారం ఖాళీ అండ్ నిజం, ఖాళీ ఆర్ అబద్ధం. 2009 నాటి జేపీఏ 2.0 దీన్ని అక్షరాలా పాటించింది: ఏమీ లేని కంజంక్షన్ నిజం, ఏమీ లేని డిస్‌జంక్షన్ అబద్ధం. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 1.4 నుంచి ఖాళీ అండ్_ రాయవద్దని హెచ్చరిస్తూ, మొదట నిజం అనే స్థిరాంకం పెట్టి మొదలుపెట్టమంటుంది. జాంగోలో ఖాళీ క్యూ దేనితో కలిపినా ఎదుటిదాన్ని మార్చదు. దాన్ని తిరగేసినా సున్నా వరుసలు రావు, అన్నీ వస్తాయి. ఖాళీ అంటే నిజం అనుకుని దాని నిషేధం మీద ఆధారపడిన తర్కం అక్కడ కూలిపోతుంది.

ఖాళీ జాబితాతో ఇన్ రాయడాన్ని చాలా డేటాబేసులు వ్యాకరణ దోషంగానే చూస్తాయి, అందువల్ల లైబ్రరీలు బదులుగా ఏదో ఒకటి రాయాలి. యాక్టివ్ రికార్డ్ 1 = 0 రాస్తుంది. 1.2కు ముందు ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, కాలమ్ తనతో తాను సమానం కాదు అనే రూపం రాసేది. నల్ ఉన్న వరుసకు దాని ఫలితం అబద్ధం కాక తెలియదు అయ్యేది, పైగా పట్టికంతా వెతకాల్సి వచ్చేది. 1.2లో దాన్ని స్థిరమైన 1 != 1గా మార్చారు. మామూలుగా రెండింటికీ సున్నా వరుసలే. తిరగేస్తే తేడా: పాత రూపంలో నల్ వరుసలు పోతాయి, కొత్తదానిలో అన్నీ వస్తాయి. సీక్వెల్ కూడా స్థిరమైన రూపాన్నే ఎంచుకుని, నల్‌ను లెక్కలోకి తీసుకునే పాత పద్ధతి కావాలనేవారికి విడిగా ఒక ఎక్స్‌టెన్షన్ ఇచ్చింది.

వేగం మాట

నాట్ ఎక్కడ రాశామన్నది ఒంటరి పోలికల్లో వేగాన్ని పెద్దగా మార్చదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ప్రతి పోలిక గుర్తుకూ దాని వ్యతిరేక గుర్తేదో నమోదు చేసుకునే ఏర్పాటు ఉంది; నాట్ (క = ఖ) అని రాస్తే, ప్రశ్నను ఎలా నడపాలో తేల్చే ప్లానరు దాన్ని తానే క <> ఖగా మార్చుకుంటుంది. ఉపప్రశ్నలతో మాత్రం తేడా పెద్దది. నాట్ ఎగ్జిస్ట్స్‌ను ప్లానరు యాంటీ జాయిన్‌గా (జత దొరకని వరుసలనే ఉంచే జాయిన్‌గా) మార్చగలదు. నాట్ ఇన్‌లో నల్ అర్థాన్ని కాపాడాలి కాబట్టి ఆ మార్పు అంత సులభం కాదు. ఒరాకిల్ 11జీ నుంచి నల్‌ను గమనించే ప్రత్యేక యాంటీ జాయిన్ చేర్చింది. సరైన ఫలితం, వేగం రెండూ ఇక్కడ ఒకే వైపున్నాయి: ఉపప్రశ్నను తిరగేయాల్సి వస్తే నాట్ ఎగ్జిస్ట్స్ రాయడమే మేలు.

షరతు నిజం కాని వరుసలన్నీ, తెలియనివి కూడా, కావాలంటే ఎస్‌క్యూఎల్‌లోనే సాధనం ఉంది. 1992 ప్రమాణంలో చేరిన ‘ఈజ్ నాట్ ట్రూ’ అబద్ధాన్నీ, తెలియనిదాన్నీ కలిపి పట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ దాన్ని అంగీకరిస్తాయి. ఒంటరి పోలికకైతే నల్‌ను కూడా ఒక విలువగా చూసి పోల్చే ‘ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్’ సరిపోతుంది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, జూక్ రెండింటిలోనూ దానికి మెథడ్ ఉంది; ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది 2022 వెర్షన్‌తో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో ఇదే పనికి <=> అనే గుర్తుంది, దాని ముందు నాట్ పెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ పోలికకు మామూలు ఇండెక్సు ఉపయోగపడదు. ఆ షరతుతో తరచూ వెతకాల్సి వస్తే, అదే షరతును వేర్‌లో పెట్టి ఒక పాక్షిక ఇండెక్సు కట్టుకోవచ్చు. లైబ్రరీ పుట్టించే వాక్యం ఆ ఇండెక్సు షరతుతో సరిపోలాలి కాబట్టి, కట్టేముందు లైబ్రరీ నిజంగా ఏ ఎస్‌క్యూఎల్ రాస్తోందో ముద్రించి చూసుకోవాలి.